వైజాగ్ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు ఓడలో వెళ్ళడం ఎలా: టికెట్ దగ్గర్నుంచి హడ్డోలో దిగేదాకా

అండమాన్‌కి వైజాగ్ నుంచి ఓడ ఉందా, టికెట్ ఎక్కడ దొరుకుతుంది, ఎన్ని రోజులు పడుతుంది, వాంతులవుతాయా? అందరూ అడిగేవి ఈ నాలుగే. అడగాల్సిన అయిదోది ఎవరూ అడగరు: చెప్పిన రోజునే ఓడ బయల్దేరుతుందా? చిక్కులన్నీ వచ్చేది అక్కడే కాబట్టి ఈ వ్యాసంలో సగం దాని చుట్టూనే ఉంటుంది.

ఓడ ఉంది. దూరం సుమారు 1,200 కిలోమీటర్లు, ప్రయాణం దాదాపు 56 గంటలు. లెక్కేస్తే గంటకు 21 కిలోమీటర్లు, అంటే హుషారుగా తొక్కే సైకిల్ వేగం. సముద్రం బాగాలేకపోతే ఇంకా నెమ్మది. రెండు రాత్రులు ఓడలో ఖాయం, మూడో రాత్రికి కూడా సిద్ధపడి వెళ్ళాలి. చెన్నై, కోల్‌కతాల నుంచి ఓడలు తరచుగా ఉంటాయి. వైజాగ్ నుంచి మాత్రం నెలకు ఒకటి దొరికితే మంచిదే. ఈ మార్గంలో తిరిగిన ఓడల్లో స్వరాజ్ ద్వీప్ మన హిందుస్థాన్ షిప్‌యార్డ్‌లో కట్టిందే. దాదాపు 1,200 మంది పడతారు. వినోదాల క్రూయిజ్ అనుకుని ఎక్కితే మాత్రం నిరాశపడతారు. ఇది ద్వీపాల్లో ఉండేవాళ్ళు రావడానికి, పోవడానికి, సరుకు మోయడానికి నడిచే సర్కారు ఓడ.

ఇంకోమాట. 2024 సెప్టెంబరులో పోర్ట్ బ్లెయిర్ పేరు శ్రీ విజయపురం అని మార్చారు. కాగితాల మీద ఏ పేరున్నా ఊరు ఒకటే, కంగారు పడొద్దు.

కావలసినవి

- ఫొటో గుర్తింపు కార్డు అసలుది, రెండు జిరాక్సులు. టికెట్ మీద పేరు, కార్డు మీద పేరు ఒకేలా ఉండాలి.
- చిల్లరతో కలిపి నగదు, మనిషికి కనీసం 2,000 రూపాయలు. నడి సముద్రంలో సిగ్నల్ ఉండదు, సిగ్నల్ లేనిచోట ఫోన్‌పే, గూగుల్ పే పనిచేయవు.
- ఒక దుప్పటి, ఒక పక్కబట్ట, గాలి దిండు. బంక్‌లో పరుపు ఉంటుంది కానీ పక్కబట్టల మీద ఆశ పెట్టుకోవద్దు.
- వాంతుల మాత్రలు, ఓఆర్‌ఎస్ పొట్లాలు అయిదారు, మీరు రోజూ వాడే మందులు అయిదు రోజులకు సరిపడా.
- గొలుసు, తాళం. రైల్లో సీటు కింద పెట్టెకు వేసే రకం చాలు.
- జారని అడుగున్న చెప్పులు. నున్నగా అరిగిన హవాయి చెప్పులు ఇంట్లోనే వదిలేయండి.
- పవర్ బ్యాంక్, చిన్న టార్చి, మగ్గు, సబ్బు, చెత్తకు నాలుగైదు కవర్లు.

కిరోసిన్ స్టవ్, గ్యాస్, టపాకాయల్లాంటి మంటపుట్టే వస్తువులు, మద్యం తేకూడదు. తనిఖీలో బయటపడితే అక్కడే తీసి పక్కన పెడతారు.

1. ముందు తేదీ పట్టుకోండి, తర్వాతే సెలవు పెట్టండి

ఓడల తేదీలు అండమాన్ నికోబార్ పరిపాలనకు చెందిన డైరెక్టరేట్ ఆఫ్ షిప్పింగ్ సర్వీసెస్ వెబ్‌సైట్‌లో పెడతారు. వైజాగ్‌లో టికెట్లమ్మే ఏజెంటు ఎవరో ఆ ప్రకటనలోనే చూసుకుని, ఆ కార్యాలయానికి ఫోన్ చేసి కనుక్కోండి. రైలుకు ఉన్నట్టు ఏడాది టైంటేబుల్ దీనికి ఉండదు. సరుకు ఎక్కించడం ఆలస్యమైనా, మరమ్మతు వచ్చినా, వాయుగుండం పట్టినా తేదీ జరుగుతుంది. ఒక్కోసారి మొత్తానికే రద్దవుతుంది.

అందుకని ప్రకటించిన తేదీకి అటు రెండు రోజులు, ఇటు రెండు రోజులు ఖాళీ పెట్టుకోండి. వేరే ఊరి నుంచి వచ్చేవాళ్ళు వైజాగ్‌కు రైలు టికెట్‌ను ఓడ బయల్దేరే రోజుకు కాకుండా ముందు రోజుకు తీసుకోండి. పోర్ట్ బ్లెయిర్‌లో హోటల్ డబ్బు ముందే కట్టేస్తే ఓడ జరిగినప్పుడు ఆ డబ్బు నీళ్ళపాలే. రద్దు చేసుకుంటే తిరిగిచ్చే హోటల్ చూసుకోండి, లేదా మొదటి రాత్రికి మాత్రమే బుక్ చేసుకోండి.

సరిచూసుకోవడం ఇలా: వారం ముందు ఒకసారి, రెండు రోజుల ముందు ఒకసారి, బయల్దేరే రోజు ఉదయం ఒకసారి ఏజెంటును అడగండి. "షిప్ ఎప్పుడు?" అనొద్దు. "షిప్ వైజాగ్ చేరిందా? ఎక్కించడం ఎన్నింటికి?" అని అడగండి. ఓడ ఇంకా రేవుకే రాలేదంటే మీ ప్రయాణం ఆ రోజు అనుమానమే.

2. బంకా, కేబినా?

బంక్ అంటే పెద్ద హాల్లో ఒకదానిమీద ఒకటిగా వరుస మంచాలు. అన్నిటికంటే చవక. డీలక్స్ కేబిన్‌కి దానికి మూడు నాలుగింతలు అవుతుంది. మధ్యలో ఇద్దరికో, నలుగురికో, ఆరుగురికో సరిపడే కేబిన్లు ఉంటాయి, ఓడను బట్టి అమరిక మారుతుంది.

ఒంటరిగా వెళ్ళే కుర్రాళ్ళకు, స్నేహితుల గుంపులకు బంక్ చాలు. పెద్దవాళ్ళు, చంటిపిల్లలు ఉంటే డబ్బు చూసుకోకుండా కేబిన్ తీసుకోండి. కారణం మంచం మెత్తదనం కాదు, బాత్‌రూమ్. బంక్ హాల్లో వందలమందికి కలిపి నాలుగైదు మరుగుదొడ్లు ఉంటాయి. సముద్రం ఊపిన రాత్రి వాటి పరిస్థితి ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

ఊపు తక్కువ తెలియాలంటే ఓడ నడిమధ్యన, కింది అంతస్తుల్లో ఉన్న చోటు అడగండి. ముందు కొస, పై అంతస్తు ఎక్కువ ఊగుతాయి. వెనక కొసన ఊపుతోపాటు ఇంజన్ అదురు, డీజిల్ వాసన కూడా ఉంటాయి. కిటికీ కోసం పై అంతస్తు కేబిన్‌కి ఎక్కువ డబ్బిచ్చి, ఆ కిటికీ పక్కనే రెండు రోజులు వాంతులు చేసుకున్నవాళ్ళు తక్కువేం కాదు.

గర్భిణులు, గుండె జబ్బున్నవాళ్ళు డాక్టరును అడక్కుండా టికెట్ తీయొద్దు. ఓడలో డాక్టరు ఉంటారు కానీ ఆసుపత్రి ఉండదు. నడి సముద్రంలో దిగే దారీ ఉండదు.

3. టికెట్

ప్రకటన వచ్చాక అమ్మకానికి కొద్ది రోజులే ఉంటాయి. బంక్ ముందు అయిపోతుంది, ద్వీపవాసులు సెలవులకు వచ్చిపోయే రోజుల్లో మరీనూ. కౌంటర్‌లో రెండు రేట్లు కనిపిస్తాయి. తక్కువ రేటు ఐలాండర్ కార్డున్న ద్వీపవాసులది, మీది రెండోది. "మా బంధువుల కార్డు ఉందండి" అంటూ తక్కువ రేటుకు ప్రయత్నిస్తే ఎక్కేటప్పుడు కార్డు అడుగుతారు, అక్కడ ఆగిపోతారు.

టికెట్ చేతికి రాగానే కౌంటర్ వదలకముందే నాలుగు చూడండి: పేరులో అక్షరాలు, ఓడ పేరు, తరగతి, బంక్ లేదా కేబిన్ నంబరు. రద్దు చేసుకుంటే ఎంత కోస్తారో, ఓడే రద్దయితే డబ్బు ఎక్కడ తీసుకోవాలో అప్పుడే అడిగి టికెట్ వెనక రాసుకోండి.

వైజాగ్ ఓడ మీ తేదీలకు కుదరకపోతే చెన్నై చూడండి. అక్కడినుంచి సుమారు 60 గంటలు. ఓడ అనుభవం కావాలి, సెలవులు మాత్రం తక్కువ అంటే వెళ్ళేటప్పుడు ఓడ, వచ్చేటప్పుడు విమానం పెట్టుకోండి. ఈ వరుస మార్చొద్దు. వెళ్ళేటప్పుడు ఆలస్యమైతే ఒక హోటల్ రాత్రి పోతుంది, వచ్చేటప్పుడు ఆలస్యమైతే ఆఫీసులో జవాబు చెప్పుకోవాలి.

4. సముద్రం ఎలా ఉందో చూడండి

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా బంగాళాఖాతం మామూలుగా నెమ్మదిగా ఉంటుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలులకు ఓడ బాగా ఊగుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్ల భయం. 2014లో హుద్‌హుద్ అండమాన్ మీదుగా వచ్చి అక్టోబరు 12న విశాఖను తాకింది. మీ ఓడ దారీ, తుపాను దారీ ఒకటే అయ్యే కాలం అది.

హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ రోజూ అలల ఎత్తు అంచనా ఇస్తుంది. బయల్దేరే రోజు, ఆ తర్వాత రెండు రోజులకు చూడండి. మీటరున్నర లోపు ఉంటే హాయిగా పోవచ్చు. రెండు దాటితే మాత్రలు తప్పనిసరి అనుకోండి. మూడు దాటుతుందంటే, మొదటిసారి వెళ్ళేవాళ్ళు, పిల్లలున్నవాళ్ళు ప్రయాణం మానుకోవడమే మేలు. విశాఖ రేవులో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారని వార్తల్లో వస్తే ఇల్లు కదలకముందే ఏజెంటుకు ఫోన్ చేయండి.

5. ఎక్కే రోజు

రిపోర్టింగ్ సమయం ఓడ కదిలే సమయానికి చాలా గంటల ముందు ఉంటుంది. దానికే చేరుకోండి. పోర్టు లోపలికి సీఐఎస్‌ఎఫ్ కాపలా దాటి వెళ్ళాలి కనుక ఏ గేటు దగ్గరకు రమ్మన్నారో టికెట్ తీసుకునేటప్పుడే కనుక్కోండి. ఆటో ఎక్కి "హార్బర్" అంటే ఫిషింగ్ హార్బర్‌లో దింపేసే అవకాశం ఉంది. గేటు పేరుతో చెప్పండి.

పెద్ద పెట్టె ఒకటి, చేతిసంచి ఒకటి ఉండేలా సర్దుకోండి. గ్యాంగ్‌వే, అంటే ఓడలోకి ఎక్కే మెట్లదారి, ఇరుకు, నిటారు. ఒక చెయ్యి రెయిలింగ్ పట్టుకోవడానికి ఖాళీగా ఉండాలి. కూలీని పెట్టుకుంటే "బంక్ దాకానా, ఓడ మెట్ల దాకానా" అన్నది మొదటే తేల్చుకుని ధర మాట్లాడండి. మధ్యలో మాటలు మారతాయి.

మందులు, నగదు, కార్డు, మంచినీళ్ళు, తువ్వాలు చేతిసంచిలోనే ఉండాలి.

6. ఎక్కిన మొదటి గంట

మంచం దొరగ్గానే కాళ్ళు చాపేయకండి. ముందు ఈ మూడు పనులు చేయండి.

లైఫ్ జాకెట్ ఎక్కడుందో వెతికి, ఒకసారి వేసుకుని తాళ్ళు కట్టి చూడండి. పిల్లలకు చిన్న సైజు కావాలని అడగండి. గోడ మీద మీ మస్టర్ స్టేషన్, అంటే ప్రమాదమప్పుడు అందరూ చేరాల్సిన చోటు, ఏదో రాసి ఉంటుంది. అక్కడికి నడిచి వెళ్ళి, ఇంకో దారిలో వెనక్కి రండి. ఏడు పొట్టి కూతలు, వెంటనే ఒక పొడుగు కూత వినిపిస్తే అది ప్రమాద సంకేతం. సామాను వదిలేసి జాకెట్‌తో అక్కడికి చేరాలి.

తర్వాత పెట్టెకు గొలుసు వేసి మంచం కాలుకు కట్టండి. దొంగతనం ఒక భయం, ఓడ ఒరిగినప్పుడు పెట్టె జారి పక్కవాళ్ళ కాళ్ళమీద పడటం ఇంకోటి.

మూడోది, సిగ్నల్ ఉండగానే ఇంట్లోవాళ్ళకు ఫోన్ చేసి "మూడు రోజులు ఫోన్ కలవదు, కంగారు పడకండి" అని చెప్పండి. ఓడ రేవు పక్కనున్న డాల్ఫిన్స్ నోస్ కొండ దాటి బయటి సముద్రంలో పడ్డాక కాసేపటికే ఫోన్‌లో సిగ్నల్ గీతలు మాయమవుతాయి. మ్యాపును ముందే డౌన్‌లోడ్ చేసుకుంటే సిగ్నల్ లేకపోయినా జీపీఎస్‌తో ఓడ ఎక్కడుందో డెక్ మీద నిలబడి చూసుకోవచ్చు.

7. వాంతులు: ఎక్కువమంది ఇక్కడే దెబ్బతింటారు

మాత్ర వాంతి మొదలయ్యాక వేసుకునేది కాదు. వాంతవుతుంటే మాత్ర కడుపులో నిలవదు, అందుకే "వేసుకున్నా పనిచేయలేదు" అంటారు. అవోమిన్ 25 మిల్లీగ్రాములు పెద్దవాళ్ళు ప్రయాణం ముందు రాత్రి పడుకునేటప్పుడు ఒకటి వేసుకోవడం పద్ధతి. మర్చిపోతే ఓడ కదలడానికి గంట, రెండు గంటల ముందు వేసుకోండి. దాంతో నిద్రమత్తు వస్తుంది. మద్యంతో, నిద్రమాత్రలతో కలపొద్దు. పిల్లలకు, గర్భిణులకు, ప్రోస్టేట్ లేదా గ్లకోమా ఉన్నవాళ్ళకు డాక్టరు చెప్పకుండా ఇవ్వొద్దు.

ఖాళీ కడుపుతో ఎక్కితే వాంతి రాదనుకోవడం పెద్ద పొరపాటు. ఖాళీ కడుపులో పసరు కక్కుతారు, ఇంకా నీరసం. ఇడ్లీ, పెరుగన్నం, మరమరాల్లాంటివి కొంచెం కొంచెంగా తినండి. నూనె, మసాలా, పాల టీ మొదటి రోజుకు వద్దు.

తల తిరగడం మొదలైందంటే వరుసగా ఇలా చేయండి. ఫోన్, పుస్తకం పక్కన పెట్టండి. డెక్ మీదకు వచ్చి, ఓడ మధ్యభాగంలో, గాలి తగిలేలా నిలబడి దూరంగా నీరూ ఆకాశం కలిసే గీత చూడండి. అలల్ని చూడొద్దు. పావుగంటలో తేలిక పడకపోతే వచ్చి వెల్లకిలా పడుకుని కళ్ళు మూసుకోండి, తల కదపకండి. అల్లం ముక్క నమిలితే కొందరికి సుఖంగా ఉంటుంది. వాంతయితే కవర్లో చేసి మూతికట్టి చెత్తబుట్టలో వేయండి. రెయిలింగ్ మీద వంగి చేస్తే గాలి దాన్ని మీకే తిరిగి ఇస్తుంది, పైగా పడిపోయే ప్రమాదం.

తర్వాత ఓఆర్‌ఎస్ గుక్కెడు గుక్కెడు. ఒకేసారి గ్లాసెడు తాగితే మళ్ళీ బయటికే. ఆరేడు గంటలుగా మూత్రం రాలేదన్నా, నీళ్ళు కూడా నిలవడం లేదన్నా ఓడ డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళండి. చాలామందికి రెండో రోజుకు ఒళ్ళు అలవాటు పడిపోతుంది.

8. ఇనుప తలుపులు

సముద్రం గురించి హెచ్చరించేవాళ్ళు చాలామంది, తలుపుల గురించి చెప్పేవాళ్ళు లేరు. డెక్ మీదకు వెళ్ళే తలుపు బరువైన ఇనుపది. ఓడ ఇటు ఒరిగినప్పుడు తేలిగ్గా తెరుచుకుంటుంది, అటు ఒరగ్గానే మొత్తం బరువుతో మూసుకుంటుంది. చట్రం అంచున వేళ్ళు పెట్టి నిలబడితే వేలు పోతుంది. పిడి మాత్రమే పట్టుకోండి, దాటాక వెనక వచ్చేవాళ్ళ కోసం చేత్తో ఆపుతూ నిలబడకండి, కొక్కెం ఉంటే తగిలించండి. చిన్నపిల్లలు తలుపుల దగ్గర ఆడకుండా చూడండి.

గడపలు కూడా మన ఇంటి గడపల్లా ఉండవు. నీళ్ళు లోపలికి రాకుండా బాగా ఎత్తుగా పెడతారు. రాత్రి మరుగుదొడ్డికి వెళ్ళేటప్పుడు టార్చి అందుకే. మెట్లు దిగేటప్పుడు మెట్ల వైపు ముఖం పెట్టి, రెండు చేతులతో పట్టుకుని దిగండి. తడి డెక్ మీద ఫొటోల కోసం వెనక్కి నడవొద్దు.

9. తిండి, నీళ్ళు

ఓడలో క్యాంటీన్ ఉంటుంది, కూపన్ కొనుక్కుని తినాలి. వేళలు గోడ మీద రాస్తారు, దాటితే మూసేస్తారు. అన్నం, పప్పు, కూర దొరుకుతాయి, రుచి మీద ఆశ తగ్గించుకోండి. మొదటి పూటకు పులిహోర కట్టుకోండి, ఆపైకి చేగోడీలు, చెక్కలు, అటుకులు, నిమ్మకాయ ఊరగాయ. అరటిపళ్ళు కొంచెం పచ్చివి తీసుకుంటే రెండో రోజుకు పండుతాయి. మంచినీళ్ళు మనిషికి నాలుగైదు లీటర్లు వెంట ఉంటే నిశ్చింత. ప్లాస్టిక్ ఏదీ సముద్రంలో వేయకూడదు, అంతర్జాతీయ నిబంధన.

10. దిగడం

ఓడ పోర్ట్ బ్లెయిర్‌లో హడ్డో జెట్టీకి వస్తుంది. దీవులు కంటపడగానే అందరూ సామానుతో మెట్ల దగ్గర గుమికూడతారు. కట్టడానికి, మెట్లు దించడానికి ఇంకా చాలాసేపు పడుతుంది, మీరు మంచం మీదే కూర్చోండి. మంచం కింద, ఛార్జింగ్ ప్లగ్గు దగ్గర ఒకసారి చూసుకున్నాకే కదలండి.

అక్కడ గడియారం మనదే, కానీ పొద్దు వైజాగ్ కంటే దాదాపు 38 నిమిషాలు ముందు ఉంటుంది. శీతాకాలంలో సాయంత్రం అయిదు దాటేసరికి చీకటి. సాయంత్రం దిగితే ముందు బస చూసుకోండి. హావ్‌లాక్, నీల్ దీవులకు పోవాలంటే ప్రభుత్వ ఫెర్రీని ఫీనిక్స్ బే జెట్టీలో ఎక్కాలి. ఒకే రోజు ఓడ దిగి ఆ ఫెర్రీ పట్టుకునేలా టికెట్ ముందే కొనడం మళ్ళీ మొదటి అడుగులోని పొరపాటే.

దిగాక ఒకటి రెండు రోజులు నేల ఊగుతున్నట్టు అనిపిస్తుంది. జబ్బు కాదు, తగ్గిపోతుంది. మూడు నాలుగు రోజులు దాటినా తగ్గకపోతే డాక్టరుకు చూపించుకోండి.

11. తిరుగు ప్రయాణం

ఓడలోనే తిరిగి రావాలంటే చేరిన మర్నాడే ఫీనిక్స్ బేలోని ప్రభుత్వ టికెట్ కౌంటర్‌కు వెళ్ళండి. అక్కడ టికెట్లు స్టార్స్ అనే కంప్యూటర్ పద్ధతిలో ఇస్తారు. వైజాగ్ ఓడ మీ తేదీకి లేకపోతే చెన్నై ఓడ ఎక్కి అక్కడినుంచి రైల్లో రావచ్చు. రెండూ దొరకకపోతే ఇక విమానమే. ఆ ఖర్చుకు సరిపడా డబ్బు ఖాతాలో ముట్టుకోకుండా ఉంచుకోండి.

వచ్చేటప్పుడు బీచ్‌లో ఏరిన పగడపు ముక్కలు సంచిలో వేసుకోవద్దు. చచ్చి తెల్లబడినదైనా వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరమే, తనిఖీలో పట్టుకుంటారు. గవ్వలు, శంఖాల వస్తువులు కావాలంటే అనుమతి ఉన్న దుకాణంలో కొని, బిల్లు వస్తువుతోపాటే పెట్టుకోండి.